నాకు టోపీ పెట్టావు

కాశీబుగ్గ,
6 జూలై 2025, ఆదివారం

తమ్ముడు అంద్రెయకి అక్క మగ్దలీన వందనాలు.

గుడిలో ఆరాధన అయ్యాక వచ్చి, ఉప్పు లేని పప్పుతో రెండు ముద్దలు తిని ఈ ఉత్తరానికి కూర్చున్నాను. ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని పోస్టాఫీసులో అమ్మాయి నవ్వుతుంది. మా తమ్ముడు ముప్పై ఆరేళ్లు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఇనుము మోతల మధ్య చెవులు పోగొట్టుకున్నాడమ్మా, ఫోన్లో "ఆరోగ్యం" అంటే "ఏ భాగ్యం" అంటాడు, నా కూతురు లిల్లీ పెట్టే మెసేజీలు తెరిచి చూడడు, ఆ ఫోను వాడికి టైము చూసుకోడానికే అని చెప్పాను. స్టాంపు మాత్రం నవ్వకుండా ఇచ్చింది.

సంగతికి వస్తాను. మే నెలలో నువ్వు విశాఖ వచ్చి పరీక్షలన్నీ చేయించుకున్నావు. నీ కిడ్నీ నాకు కుదురుతుందన్నారు. ఆసుపత్రిలో అవయవదాన కమిటీ ముందు సంతకం కూడా పెట్టావు. "అక్కకి కాకపోతే ఎవరికిస్తాను" అని అందరి ముందూ అన్నావు. ఇక మిగిలింది తేదీ. ఆగస్టు నెలాఖరులో వీలవుతుందట. నువ్వు వస్తాననే ఒక్క ముక్క రాస్తే డాక్టరుగారికి చెప్తాను. నేను బతకడమా, ఈ సూదుల మీద ఎండిపోవడమా అన్నది ఆ ఒక్క ముక్కలో ఉంది. ఇంతకంటే తిన్నగా అడగడం నాకు రాదు.

లిల్లీ తనదిస్తానని ఏడుస్తుంది. దాని రక్తంలోనూ ఈ జబ్బు మొదలైంది. మన ఉద్దానంలో నీళ్లో మట్టో ఏమిటో ఎవరూ తేల్చలేదు. నాన్నకి వచ్చింది, మీ బావకి వచ్చింది, నాకు వచ్చింది. నువ్వు ఇరవై ఏళ్లకే రైలెక్కి పోయావు కాబట్టి నీకు రాలేదు.

వారానికి మూడు రోజులు పలాస వెళ్లి నాలుగేసి గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకుంటున్నాను. నా పక్క మంచం లక్ష్మమ్మది. వాళ్లది సముద్రం ఒడ్డు, చేపల వేట ఇల్లు. రోజూ ఒకటే అడుగుతుంది. "ఏటమ్మా, మీ తమ్ముడు వత్తానన్నాడా, నేదా?" వాడు టోపీలకి బ్రష్షు పెడుతున్నాడు, అది అయ్యాక వస్తాడు అంటాను.

అన్నట్టు, విశాఖలో ఆ రోహిణి ఎండలో నువ్వు నెత్తిన పెట్టుకొచ్చిన ఉన్ని గంప చూసి నర్సు ఇంద్రజాలం చేసేవాడనుకుంది. "మీ తమ్ముడుగారు పావురాన్ని తీస్తారా?" అని నన్నడిగింది. కిడ్నీ తీస్తే చాలమ్మా అన్నాను.

జవాబు వెంటనే రాయి.

నీ అక్క,
మగ్దలీన


ఖరగ్‌పూర్,
15 జూలై 2025

గౌరవనీయురాలైన అక్కకి అంద్రెయ వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. ఉన్ని గంప అన్నావు. అది ఉన్ని కాదు, కుందేలు బొచ్చు. వేడి ఆవిరిలో అణిచి అణిచి బట్టలా చేస్తారు, దాన్ని ఫెల్టు అంటారు. నర్సుకి తెలియకపోవచ్చు. ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన దానివి, నీకు తెలియాలి.

పోయిన వారం నాకు మహా అదృష్టం పట్టింది. ఇక్కడ ఆంగ్లో ఇండియన్ల వీధిలో ఒక ముసలావిడ ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. భర్త గార్డుగా చేసేవాడట. అలమరా పైన పెట్టెలో ముదురు గోధుమరంగు ఫెడోరా టోపీ ఉంది, డెబ్బై ఏళ్లనాటిది. లోపలి తోలు పట్టీ మీద బంగారు అక్షరాలు ఇంకా చెరగలేదు. చేతుల్లోకి తీసుకుంటే పిల్లిపిల్లని పట్టుకున్నట్టుంది. దీనితో ఇరవై ఏడయ్యాయి. ఆదివారం అదే పెట్టుకుని గుడికి వెళ్లాను. ఈ కాలనీలో పిల్లలు నన్ను టోపీ బాబు అంటారు. అనుకోనీ.

ఇరవై ఏడున్నా నాకు లేనిది ఒక్కటే, అక్కా. నాన్న టోపీ.

నీకు గుర్తుండే ఉంటుంది. మిషనరీ దొర ఊరు విడిచి పోతూ పలాస ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తుండగా తన బూడిదరంగు టోపీ తీసి నాన్న తల మీద పెట్టాడు. ఊళ్లో టోపీ పెట్టడమంటే మోసం చేయడం. మన ఇంట్లో మాత్రం అది దీవెన. ఆదివారం భోజనాలయ్యాక ఆ వారం బైబిల్ బంగారు వాక్యం తప్పు లేకుండా అప్పగిస్తే నాన్న ఆ టోపీ తీసి నా తల మీద పెట్టేవాడు, సాయంత్రం దాకా నాదే. నా ముక్కు దాకా దిగిపోయేది. లోపల నాన్న చెమట వాసన, కొబ్బరినూనె వాసన. నా ఈ టోపీల పిచ్చి అక్కడే మొదలైంది. నీ మరదలు బతికున్నప్పుడు కూడా ఇదే చెప్పేవాణ్ణి, నవ్వుతూ వినేది.

కరోనా మొదటి ఏడాది రైళ్లు ఆగిపోయి నాన్న శవాన్ని కూడా చూడలేకపోయాను. నిద్రలోనే ప్రశాంతంగా పోయారని నువ్వు రాశావు. ఆ మాట పట్టుకుని బతుకుతున్నాను. ఆ టోపీ నీ ట్రంకుపెట్టెలో ఉంది. అది పంపు. ఆ వాసన ఇంకోసారి చూడాలి. అది నా చేతికి వస్తే ఆపరేషనుకి నిమ్మళంగా వస్తాను.

జాగ్రత్తలు చెప్తాను, శ్రద్ధగా చదువు. ఫెల్టుకి నీళ్లు తగలకూడదు. వేడి నీళ్లు అసలే కూడదు, కుదించుకుపోతుంది, మళ్లీ మనిషి తలకి పనికిరాదు. సబ్బు, సోడా మాట ఎత్తకు. ఎండలో పెట్టకు. దుమ్ముంటే మెత్తని బ్రష్షుతో ఎడమ వైపుగా తుడవాలి. పైన నొక్కు దగ్గర వేళ్లతో పట్టుకోకూడదు, అంచులు పట్టుకోవాలి. లోపల పాత పేపర్లు ఉండచుట్టి పెట్టి, గుండ్రటి డబ్బాలో తలకిందులుగా ఉంచి పంపు.

ఆరోగ్యం జాగ్రత్త.

అంద్రెయ


కాశీబుగ్గ,
24 జూలై 2025

టోపీ బాబుకి అక్క వందనాలు.

మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమంటే ఏమిటో బడిలో పిల్లలకి ఎన్నిసార్లు చెప్పినా అర్థమయ్యేది కాదు. నీ ఉత్తరం అప్పుడు ఉండుంటే చదివి వినిపించేదాన్ని. నేను కిడ్నీ అడిగాను, నువ్వు టోపీ అడిగావు. లక్ష్మమ్మకి చెప్తే మిషను ఊగేలా నవ్వింది. "కిడ్నీ అడిగితే టోపీ అడిగినాడేటి? మా సముద్రంలో సేపలు నయమమ్మా. ఎర ఏత్తే నోరైనా తెరుత్తాయి."

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అంటారు. నీకు అందుకోడానికి జుట్టు కూడా లేదు కాబట్టి కాళ్లే పట్టుకుంటున్నాను. సరే, పంపుతున్నాను.

నీ ఉత్తరం అక్షరం వదలకుండా రెండుసార్లు చదివాను. నువ్వు ఎంత ప్రేమగా చూసుకుంటావో అర్థమైంది. అందుకే ఆ టోపీని ఉన్నదున్నట్టు పంపడానికి మనసొప్పలేదు. ఐదేళ్లుగా పెట్టె అడుగున పడి ఉంది, బాగా మురికి. బకెట్టు నిండా నీళ్లు మరగబెట్టి, సోడా వేసి, ఒక పగలంతా నానబెట్టాను. లిల్లీ వద్దంటున్నా నేనే కూర్చుని కొబ్బరిపీచుతో రుద్దాను. ఆ చేతికి డయాలసిస్ కోసం రక్తనాళం కలిపి ఉంది, బరువు పని చేయకూడదు, అయినా చేశాను. తల ఆకారం చెడకుండా జలంత్రకోట నుంచి వచ్చిన పీచు తీయని కొబ్బరికాయ మీద బోర్లించి మూడు రోజులు డాబా మీద ఎండబెట్టాను. ఇప్పుడు తెల్లగా, గట్టిగా, కొత్తదానిలా ఉంది. చూస్తే మురిసిపోతావు.

మన గుడి ప్రేమ్‌కుమార్ రైలు డ్యూటీ మీద ఖరగ్‌పూర్ వస్తున్నాడు. గుడ్డలో చుట్టి కుట్టేసి అతని చేతికిస్తున్నాను. కింద ఒక పొట్లం జీడిపప్పు ఉంది, కాల్చినది, నీకిష్టం.

అందగానే ఒక్క కార్డు ముక్క రాయి. చాలు. నేను డాక్టరుగారికి తేదీ ఖాయం చేస్తాను.

నీ అక్క,
మగ్దలీన


(పోస్టు కార్డు)

ఖరగ్‌పూర్,
4 ఆగస్టు 2025

అక్కా,
ప్రేమ్‌కుమార్ తెచ్చి ఇచ్చాడు. విప్పి చూశాను. నాకు టోపీ పెట్టావు. చాలు.
అంద్రెయ


కాశీబుగ్గ,
11 ఆగస్టు 2025

నా బంగారు తమ్ముడికి అక్క దీవెనలు.

నీ కార్డు తెచ్చిన పోస్ట్‌మాన్ దారిలోనే చదివేశాడు. "ఎవలమ్మా ఎవలికి టోపీ ఎట్టినారు? మోసమేటి?" అని గుమ్మంలోనే అడిగాడు. అది మా ఇంటి మాట బాబూ, మా నాన్న నేర్పిన మాట, ఊరి అర్థం కాదు అని చెప్పి లోపలికి వచ్చి కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే. కార్డు మీద నాలుగు ముక్కలు రాసి ఇంత చెప్పగలవని ఇన్నేళ్లూ తెలియలేదు. పేజీలకి పేజీలు దండగ చేస్తావెందుకు?

అద్దంలో చూసుకున్నావా? నాన్నలాగే ఉన్నావా? మీ ఇద్దరి తలా ఒక్కటే కొలత అని అమ్మ అనేది. కచ్చితంగా నీ కోసమే అచ్చు పోసినట్టు కూర్చుని ఉంటుంది. ఆదివారం గుడికి అదే పెట్టుకుని వెళ్లు. అందరూ చూడనీ, మా అక్క తన చేతులతో చేసి పంపింది అని చెప్పు. టోపీ కుదిరింది, ఇక కిడ్నీ కుదరడమే తరువాయి.

డాక్టరుగారితో మాట్లాడాను. ఆగస్టు 25 సోమవారం పొద్దున్న ఇద్దరం ఆసుపత్రిలో చేరాలి. నువ్వు 24 సాయంత్రానికి విశాఖలో దిగు. లిల్లీ స్టేషనుకి వస్తుంది. దూరం నుంచే గుర్తుపట్టేలా ఆ టోపీ పెట్టుకునే దిగు.

గుడిలో పాస్టరుగారు నీ పేరు చెప్పి ప్రార్థన చేయించారు. "ఇటువంటి తమ్ముడు అందరికీ ఉండడు" అన్నారు. నేను తల ఎత్తుకుని కూర్చున్నాను. లక్ష్మమ్మకి ఎవరూ ఇచ్చేవాళ్లు లేరు. నా తేదీ విని నా వైపు తిరిగి పడుకుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "మీ తమ్ముడి మీద నోరు జారినాను, సెమించమని రాయి" అంది. రాస్తున్నాను.

అందరికీ చెప్పేశాను, అంద్రెయా. ఐదేళ్లలో మొదటిసారి వచ్చే ఏడాది గురించి ఆలోచిస్తున్నాను. ఒక గ్లాసు నిండా నీళ్లు ఆపకుండా తాగాలి. నా కోరిక అంతే.

నీ ప్రియమైన అక్క,
మగ్దలీన


ఖరగ్‌పూర్,
20 ఆగస్టు 2025

మగ్దలీనకి,

అక్క అని రాయడానికి కలం కదలడం లేదు.

నీళ్లు తగలకూడదని రాశాను. వేడి నీళ్లు అసలే వద్దన్నాను. సోడా వద్దు, ఎండ వద్దన్నాను. నువ్వు రెండుసార్లు చదివానని నీ చేత్తోనే రాశావు. చదివి, నేను వద్దన్నవన్నీ వరసగా ఒక్కటీ విడవకుండా చేశావు. మరిగే నీళ్లు, సోడా, పీచు, ఎండ. పైగా కొబ్బరికాయ. పొరపాటున ఒకటి జరగొచ్చు. అన్నీ జరగవు.

అది నా తల మీద ఆగలేదు. కోతిపిల్లకి పెట్టాల్సిన గిన్నెలా నడినెత్తిన నిలబడింది. ముక్కు పెట్టి చూశాను. సోడా వాసన, కొబ్బరిపీచు వాసన. నాన్న లేడు. నాన్నని కడిగేశావు.

నాకు టోపీ పెట్టావని, మోసం చేశావని, ఇక చాలని కార్డు రాశాను. దానికి నువ్వు రాసిన జవాబు చూశాను. అద్దంలో చూసుకున్నావా అంటావు. అచ్చు పోసినట్టుందా అంటావు. అదే పెట్టుకుని గుడికి వెళ్లమంటావు, ఊరంతా చూడాలంటావు, అది పెట్టుకునే రైలు దిగమంటావు. ఇంత వెటకారం నీకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. చిన్నప్పటి కుళ్లు. బంగారు వాక్యం నువ్వూ అప్పగించేదానివి, నాన్న నీకు ఒక్కసారీ టోపీ పెట్టలేదు. "ఆడగుంటకి ముసుగు సాలమ్మా, టోపీ ఏల?" అనేవాడు. నువ్వు గుమ్మం పక్క నిలబడి నన్ను చూసే చూపు నాకు ఇంకా గుర్తుంది. అరవై ఒక్క ఏళ్లకి కక్ష తీర్చుకున్నావు.

నా ఒంట్లో ముక్క నీకివ్వను. కమిటీకి రాసేశాను. ఒంట్లో కిడ్నీ ఆగిపోయినా నీ నాలుక ఆగలేదు, దానితోనే బతుకు.

నీ టోపీ పార్సిల్లో తిప్పి పంపుతున్నాను. నాకు అక్కర్లేదు. జీడిపప్పు కుక్కలకి వేశాను.

అంద్రెయ


కాశీబుగ్గ,
30 ఆగస్టు 2025

అంద్రెయకి,

నేను 24 పొద్దున్నే బయల్దేరిపోయాను. నీ ఉత్తరం, పార్సిలు ఆ తర్వాత వచ్చాయి. పక్కింటివాళ్లు తీసి దాచారు.

24 సాయంత్రం లిల్లీ ఖరగ్‌పూర్ వైపు నుంచి వచ్చే ప్రతి రైలు దగ్గరా నిలబడింది. టోపీ పెట్టుకున్నవాడిని వెతకమని నేనే చెప్పాను. నీ ఫోనుకి ముప్పై మెసేజీలు పెట్టింది. 25న ఆసుపత్రి వరండాలో సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దాత ఎక్కడని అడిగితే రైలు ఆలస్యమన్నాను. 26న కూడా అదే చెప్పాను. మూడో రోజు నువ్వు రాసిన కాగితం వాళ్లకి చేరింది. పెద్ద నర్సు పక్కన కూర్చుని, నా వీపు నిమురుతూ చదివి వినిపించింది. మే నెలలో పావురం సంగతి అడిగింది ఆమే.

ఇప్పుడు నీకు రెండు నిజాలు చెప్తాను.

ఒకటి. నీ ఉత్తరం నేను రెండుసార్లు చదవలేదు. ఒక్కసారీ పూర్తిగా చదవలేదు. నీ ఉత్తరాల్లో టోపీల సంగతి వచ్చినచోట పేజీ తిప్పేస్తాను, ఏళ్లుగా ఇంతే. నేను వెతికింది "వస్తాను" అన్న ఒక్క మాట కోసం. అది "నిమ్మళంగా" పక్కన కనిపించింది, అక్కడే ఆగిపోయాను. దాని కిందున్న జాగ్రత్తలు అప్పుడు చూడనే లేదు, నిన్ననే తీసి చదివాను. నిన్ను మంచి చేసుకుందామని చదివానని అబద్ధం రాశాను. నీ కార్డుని ఇంటి మాటగానే చదువుకున్నాను. నేను చేసిన తప్పు ఇది. ఒప్పుకుంటున్నాను.

రెండు. నాన్న నిద్రలో పోలేదు.

బస్సులు, ఆటోలు అన్నీ ఆగిపోయిన రోజులు. నడవలేని మనిషిని పలాస తీసుకెళ్లే దారి లేక రెండు డయాలసిస్‌లు తప్పాయి. ఆ రోజు మధ్యాహ్నం నాన్న ఊపిరి అందక లేచి కూర్చుని, "అంద్రెయ వత్తన్నాడు, టోపీ తే, ఆడికి పెట్టాల" అన్నాడు. తెచ్చి చేతికిచ్చాను. రెండు చేతులతో పట్టుకుని అందులోనే నల్లగా నెత్తురు కక్కుకున్నాడు. మూడుసార్లు. నేను ఆయన నుదురు పట్టుకుని కూర్చున్నాను. వేళ్లు విడదీసి టోపీ తీయడానికి నాకు చాలాసేపు పట్టింది. నీ పేరే చివరి మాట. నా పేరు కాదు.

నువ్వు రాలేక అక్కడ గుండె పగిలి ఉన్నావని నిద్రలో పోయారని రాశాను. ఆ టోపీని ఐదేళ్లు పెట్టె అడుగున దాచాను. పారేయలేను, ముట్టుకోలేను. నువ్వడిగావు కాబట్టి తీశాను. ఎండి, పెచ్చులు కట్టి ఉంది. దాన్ని నువ్వు చూడకూడదని మరిగే నీళ్లలో వేశాను. ముక్కు పెట్టి వెతికావు కదా చెమట వాసన. నేను కడిగింది ఏ వాసనో ఇప్పుడు తెలిసింది కదా.

ఐదేళ్ల కింద ఉన్నదున్నట్టు రాయాల్సింది. నీ మీద జాలిపడ్డాను. జాలి ఎంత దండగ ఖర్చో నాకు ఇప్పుడు తెలిసింది.

కుళ్లు సంగతి అన్నావు. ఉండేది. అబద్ధం చెప్పను.

మగ్దలీన


ఖరగ్‌పూర్,
6 సెప్టెంబరు 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలేదు. ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చించేశాను.

నేనూ ఒక నిజం చెప్పాలి. మేలో సంతకం పెట్టి వచ్చిన రోజు నుంచి నాకు భయం. కడుపు కోస్తారని, నాకు వెనకా ముందూ ఎవరూ లేరని. టోపీ వస్తేనే వస్తానన్నది అందుకే. నువ్వు ఇవ్వవనుకున్నాను. ఇచ్చావు. గుడ్డ విప్పి అది ముడుచుకుపోయి ఉండడం చూసినప్పుడు ఏడుపొచ్చిన మాట నిజం. దాని వెనకే వంక దొరికిందన్న హాయి కూడా కలిగింది. ఆ హాయి తలుచుకుంటే నా ముఖం మీద నాకే ఉమ్మాలనిపిస్తోంది.

ఇప్పుడు వస్తాను. ఈసారి షరతు లేదు. కమిటీకి మళ్లీ రాస్తాను. తేదీ అడిగి ఒక్క ముక్క రాయి.

ఆ టోపీ కూడా పారేయకు. చెక్కతో చేసిన తల అచ్చు ఒకటి నా దగ్గరుంది. ఆవిరి పట్టి రోజుకి కొంచెం కొంచెం సాగదీస్తే పూర్తిగా కాకపోయినా నా తలకి సరిపోయేంత వస్తుంది. నాన్న ఆఖరిగా నాకే పెట్టమన్నాడు కదా. జాగ్రత్తగా ఉంచు, వచ్చినప్పుడు తీసుకుంటాను.

నీ తమ్ముడు,
అంద్రెయ


కాశీబుగ్గ,
22 సెప్టెంబరు 2025

తమ్ముడు అంద్రెయకి,

రావద్దు. అలిగి రాస్తున్న మాట కాదు, తేదీ లేదు. విశాఖ వరండాలో కూర్చున్న మూడు రోజులూ డయాలసిస్ తప్పింది. నువ్వు వస్తావేమోనని నేనే లేవలేదు. గుండె చుట్టూ నీరు చేరిందన్నారు. తగ్గుతుందేమోనని చూశారు. పోయిన బుధవారం మళ్లీ పరీక్ష చేసి, ఈ గుండె ఆపరేషను తట్టుకోదన్నారు. మళ్లీ తట్టుకుంటుందా అంటే డాక్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. లిల్లీ బయటికి వెళ్లి ఏడ్చింది. నీ కిడ్నీ నీ దగ్గరే భద్రంగా ఉంచుకో. గుండ్రటి డబ్బాలో, తలకిందులుగా.

నీకు ఒక సంగతి చెప్పాలి. నీ ఉత్తరంలో నాలుగు వాక్యాలు క్షమాపణ ఉంది. ఆ తర్వాత మళ్లీ టోపీకే వచ్చావు. ఈసారి పేజీ తిప్పలేదు, అక్షరం వదలకుండా చదివాను. ఆవిరి, అచ్చు, సాగదీయడం. బాగా అర్థమైంది.

సాగదీయక్కర్లేదు. నువ్వు తిప్పి పంపిన పార్సిలు పోయిన శనివారం విప్పాను. నా జుట్టంతా రాలిపోయింది, తల చిన్నదైపోయింది. పెట్టుకుని చూశాను. సరిగ్గా సరిపోయింది. అటు వదులూ లేదు, ఇటు బిగువూ లేదు.

నిన్న ఆదివారం ముసుగు వేసుకోకుండా ఆ టోపీ పెట్టుకుని గుడికి వెళ్లాను. మందస నుంచి వచ్చిన చుట్టాలతో సహా అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, "అమ్మా, ఆడవాళ్లకి ముసుగు..." అంటూ మొదలుపెట్టాడు. నేను లేచి నిలబడి చిన్నప్పటి బంగారు వాక్యాలు పన్నెండు వరసగా అప్పగించాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఆయన కూర్చున్నాడు.

ఈవేళ మిషను దగ్గర కూడా అదే పెట్టుకుని పడుకున్నాను. లక్ష్మమ్మ చాలాసేపు చూసి, "బాగున్నావమ్మా. ఎవలిచ్చినారు?" అంది. మా తమ్ముడు అన్నాను. "ఆడేనా, కిడ్నీ ఇత్తానని రానోడు?" అంది. ఆడే అన్నాను.

ఇది నీకు రాదు. నేను పోయినప్పుడు దీన్ని నా తల మీదే ఉంచి పెట్టె మూయమని లిల్లీకి చెప్పాను. రైళ్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి నన్ను చూడ్డానికి వస్తావో రావో నీ ఇష్టం. వస్తే మాత్రం టోపీ తీసి చేత్తో పట్టుకుని లోపలికి రా.

నాన్న నాకు ఏనాడూ పెట్టలేదు. ఇన్నేళ్లకి నువ్వు పెట్టావు. ఊరి మాటగా చదువుకుంటావో ఇంటి మాటగా చదువుకుంటావో నువ్వే తేల్చుకో.

నాకు టోపీ పెట్టావు. చాలు.

మగ్దలీన